గలిజేరు మాస్టారు

ఈ హిందీ ఊళ్లో, శంకర్ నగర్‌లో గురునాథం గారిల్లు ఎక్కడని అడిగితే అక్కడి తెలుగువాళ్లు "గలిజేరు మాస్టారా?" అంటారు. ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఆయనకు ఆ బిరుదు ఎలుకలు పెట్టిన భిక్ష.

డాక్టరేట్ కోసం ఆయన ఎలుకల మూత్రపిండాలకు రక్తం వెళ్లే నాళాల్ని కాసేపు బిగించి వదిలేవాడు. రక్తం ఆగినందుకు కొంత, మళ్లీ ఒక్కసారిగా దూసుకొచ్చినందుకు కొంత అవి దెబ్బతినేవి. ముందుగానే గలిజేరు సారం తాగించిన ఎలుకల్లో ఆ దెబ్బ తక్కువగా కనిపించింది. అంతే సంగతి. మనుషుల మీద ఇంకా పరీక్షించలేదని థీసిస్ చివర ఆయనే రాసుకున్నాడు. కానీ తెలుగు సమాజం ఉగాది సభలో మైకు చేతికొచ్చేసరికి ఎలుకలు ఎటో పారిపోయాయి. "మన కలుపు మొక్కే కిడ్నీలకు కవచం" అన్నాడు. శాలువా కప్పారు.

ఆ సభలో అరచేతులు వాచేలా చప్పట్లు కొట్టినవాడు సూరిబాబు. ఊరి బయట ఫ్యాక్టరీలుండే సిల్తారాలో ఇనుప కొలిమి దగ్గర పని. మర్నాటి నుంచే కాలువగట్టున గలిజేరు పీకి కషాయం కాచుకున్నాడు. మే నెల ఎండకూ కొలిమి సెగకూ ఒంట్లో నీరు ఇంకిపోయి మూత్రం బందైతే, ఆసుపత్రికి పోకుండా కషాయం మీద కషాయం పట్టించాడు. చివరికి భార్య వరహాలమ్మ ఆటోలో పడేసి తీసుకెళ్లింది. సెలైన్లు ఎక్కించి, డయాలసిస్ చేసి బతికించారు. బయటికొచ్చి అతను చెప్పిందేమిటంటే, మాస్టారి మందు పనిచెయ్యడానికి కాస్త టైం పట్టిందని. గురునాథం కాదనలేదు. అవతలివాడి అనుభవాన్ని గౌరవించడం శాస్త్రజ్ఞుడి లక్షణమనుకున్నాడు.

మరుసటేడు మాస్టారికే గుండె ఆపరేషన్ పడింది. ఆ సమయంలో మూత్రపిండాలకు రక్తం తగ్గి అవి దెబ్బతినే ప్రమాదం కొంత ఉందని సర్జన్ చెప్పాడు. సంగతి తెలిసి సూరిబాబు సీసాడు కషాయంతో వార్డులో దిగాడు.

"నేను జబ్బడ్డాక తాగినాను మాస్టారూ. మీరు ముందే తాగేస్తే తిరుగుండదు కదేటి."

థీసిస్‌లో ఉన్నదీ సరిగ్గా అదే. గురునాథం సీసాను పక్క బల్ల మీద పెట్టించాడు. డాక్టర్ని అడిగి తాగుతానని నసిగి అతన్ని పంపించేశాడు. భార్య సరోజిని సీసా మూత తీసి అందించబోయింది.

"వద్దు. మనిషికి ఎంత మోతాదో, లోపలికెళ్లి ఏం చేస్తుందో ఎవరికి తెలుసు?"

"సూరిబాబు మనిషి కాదా అండీ?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ కషాయం సింకులో ఒంపేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కిడ్నీలు చెక్కుచెదరలేదు. ఖాళీ సీసా చూపించి సూరిబాబు నర్సులకు హిందీలో గలిజేరు మహిమ వినిపించాడు. నిజం చెప్పమని సరోజిని భర్తను పోరింది. కోలుకున్నాక చెబుతానన్నాడు. కోలుకున్నాక సన్మానం పెట్టారు. లేచి గొంతు సవరించుకుని, "నా దేహమే నా ప్రయోగశాల" అన్నాడు.

సరోజిని ఆ సభకు వెళ్లలేదు. వరహాలమ్మ ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. వరహాలమ్మ పొయ్యి మీది గిన్నె దించి, కషాయం వీధి కాలువలో పారబోసింది. సూరిబాబు మాత్రం ఇప్పటికీ నమ్మడు. ఆడవాళ్లకు సైన్సు ఏం తెలుసునంటాడు.