అమ్మ కథలో తప్పు

సమీక్ష కోసం నిన్న ఒక చారిత్రక నవల వచ్చింది. అట్ట మీద మగ్గం నేస్తున్న ఆడమనిషి బొమ్మ చూడగానే వరంగల్‌లో మా రేకుల ఇల్లు, నూలుకు పట్టించిన గంజి వాసన గుర్తొచ్చాయి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ రాట్నం మీద నూలును కండెలకు చుట్టేది. ఒక మధ్యాహ్నం నాన్న నూలు కోసం బజారుకు పోయినప్పుడు, అమ్మ నా పాత నోటుబుక్కులో తను రాసుకున్న కథ తీసింది.

"జర విను బిడ్డా, ఎట్లుందో చెప్పు."

కాకతీయుల కాలంలో, మొగుడు యుద్ధానికి పోతే తనే మగ్గమెక్కి రాణికి చీర నేసిన మల్లమ్మ కథ అది. అమ్మ చదవడం మొదలుపెట్టింది. సగం కూడా కాకముందే నేను ఆపాను.

"తప్పు రాసినవమ్మా. ఆడోళ్లు మగ్గం మీద కూసోరు గదా! కండెలే చుడుతరు."

అమ్మ నోటుబుక్కు మూసింది. "అవు బిడ్డా, మర్చిపోయిన" అని నవ్వి, మళ్లీ రాట్నం ముందు కూర్చుంది. టీచరమ్మలా తప్పు దిద్దినందుకు నేను ఎంతో మురిసిపోయాను.

అమ్మ మళ్లీ ఎన్నడూ నాకు కథ చదవలేదు. నేనూ అడగలేదు. ఆమెకున్న ఒకే ఒక్క పాఠకురాలిని నేనేనని అర్థమయ్యేసరికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు మిగతా కథ చెప్పమని అడుగుదామంటే అమ్మ లేదు.