రాణిగారండీ

నిన్న తాడేపల్లిగూడెంలో చేపల లారీ ఒకటి ఐసు నీళ్లు కార్చుకుంటూ నా పక్కనుంచి వెళ్లింది. ఆ నీచు వాసనకి పాత భయం ఒకటి గుర్తొచ్చింది.

చిన్నప్పుడు ఆకివీడు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల చేపల చెరువు గట్టుమీద అలాంటి లారీయే ఆగి ఉంది. మా కుక్క రాణి ఎండకి తాళలేక దాని కింద దూరి, వెనక చక్రాన్ని ఆనుకుని పడుకుంది. ఇంతలో డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. ఆ మోతలో నా కేకలు అతనికి వినపడలేదు. "రాణీ, రావే, బయటికి రా" అని నేను అరిచినకొద్దీ అది చెవులు వాల్చి నేలకి కరుచుకుపోయింది.

అమ్మమ్మ వచ్చి లారీ పక్కన గొంతుక్కూర్చుంది. ఆవిడ పాలవాడినైనా, పసిపిల్లనైనా 'అండీ' అనకుండా పిలిచేది కాదు. నేలమీద అరచేత్తో మెల్లగా తట్టి, "రాణిగారండీ, అన్నం తిందురుగాని, రండమ్మా" అంది. రాణి తోకూపుకుంటూ వచ్చేసింది. వెంటనే లారీ కదిలింది.

కుక్కకీ మర్యాద పట్టింపు ఉంటుందనుకుని, మర్నాటినుంచి నేనూ దాన్ని 'మీరు' అనేదాన్ని. ఓసారి గట్టుమీద పాము కనబడి, "రాణిగారండీ, వచ్చేయండి" అని అరిచాను. అది మళ్లీ అలాగే ముడుచుకుపోయింది.

ఆ రోజు లారీ వెళ్లాక అమ్మమ్మ నా భుజం పట్టుకుని లేచింది. ఆ చెయ్యి ఎంతసేపటికీ వణుకు మానలేదు. ఆ వణుకుని ఆవిడ గొంతుదాకా రానివ్వలేదని నాకు చాలా ఏళ్లకిగాని తెలియలేదు.