పిన్ని వదిలిన ఎర్ర రీళ్లు

దర్జీ పని చేసే మా పిన్ని కొట్టు వెనక పారే నీటిని వీధంతా మురికికాలువ అనేది, చెత్తంతా అందులోనే పోసేది. కొండల నడుమ లోయలో పుట్టిన వాగే ఇదని పిన్ని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకే!" అని బాబాయి నవ్వాడు.

"రుజువు చేస్తే చెత్త వేయడం మానేస్తారా?" అంది పిన్ని. వీధివాళ్లంతా సరేనన్నారు.

ఖాళీ కర్ర రీళ్లకు ఎర్రరంగు పూసి సంచిలో వేసుకుంది. నీటి ఒడ్డు వదలకుండా, ముళ్లకంపలూ పొలం గట్లూ దాటుకుంటూ, రాళ్ల సందులోని ఊట దాకా నడిచి అక్కడ వదిలింది.

మర్నాడు బాబాయి కొట్టు వెనక పళ్లు తోముకుంటుంటే ఎర్ర రీలొకటి తేలుతూ వచ్చింది.

"ఒసేయ్, వచ్చేసిందే!"

ఆ కేక గురించి చెప్పేటప్పుడు పిన్ని ఇప్పటికీ మిషను తొక్కడం ఆపేస్తుంది. ఆ రోజే చెత్తబుట్టతో వచ్చిన పక్కింటావిడకు బాబాయే అడ్డం నిలబడ్డాడు.

"ఇది వాగమ్మా, వాగు! కనబడటం లేదూ?"