బోనెట్ మీద చేపల బేరం

తవిటమ్మ సైకిలెక్కితే గరాచర్మ కుక్కలన్నీ వెనకాల పడతాయి. వెనక క్యారియర్ మీద చేపల తట్ట, హ్యాండిల్‌కి కత్తీ చెక్కా ఉన్న సంచి, నోట్లో అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టి చుట్ట కాల్చడం వాళ్లమ్మ శ్రీకాకుళం తీరం నుంచి ఓడలో ఈ దీవికి తెచ్చిన విద్య. ఎదురుగాలికి ఆరదు మరి!

అసలా సైకిల్ మొగుడిది. తుఫానులోనూ పడవ వేసుకుపోయే నూకన్న రెండు చక్రాలు చూస్తే మాత్రం వణికేవాడు. ఏమాత్రం సిగ్గుపడకుండా, కొన్న మర్నాడే పెళ్లానికి అప్పగించేశాడు. ప్రోతరాపూర్ నుంచి గరాచర్మ దాకా అప్పట్నించీ ఆవిడే రాణి.

ఆ మధ్య గరాచర్మ రోడ్డంచున పసుపు గీత గీసి, లోపల సైకిల్ బొమ్మ వేశారు. నాలుగు రోజులు బాగానే ఉంది. తర్వాత కార్లవాళ్లకి అది పార్కింగులా కనిపించింది. కళ్లు నెత్తికెక్కితే అంతే! వానాకాలంలో అలా ఆగిన కారుని తప్పించబోయి తవిటమ్మ పెద్దరోడ్డెక్కింది. జీపు రాసుకుపోయింది. ఆవిడా, వంజరాలూ కలిసి కాలవలో పడ్డారు.

మోకాలు బూరెలా వాచింది. కొడుకు పోలిరాజు వచ్చి, "సైకిల్ ఛోడ్ దో అమ్మా, ఇంట్లో కూకో," అన్నాడు.

"ఇంట్లో కూకుంటే నాను సచ్చినట్టేరా," అంది తవిటమ్మ.

మళ్లీ సైకిలెక్కింది కానీ, పెద్దరోడ్డంటే ఒళ్లు వణికేది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. దారికి కారు అడ్డొస్తే పక్కకి పోవడం మాత్రం మానేసింది. సైకిల్ ఆపి, తట్ట బోనెట్ మీదకెక్కించి, చెక్క వేసి, "తాజా మచ్లీ!" అని గొంతెత్తేది. అద్దం నిండా పొలుసులే.

"యే క్యా హై దీదీ!" అని కారాయన లబోదిబోమనేవాడు.

"నా దార్లో నీ గాడీ ఎట్టుకున్నావు, నీ గాడీ మీద నా తట్ట ఎట్టుకున్నాను. బరాబర్, భయ్యా!"

నెల తిరిగేసరికి గీత లోపల ఒక్క కారు ఉంటే ఒట్టు.

ఒకరోజు మాత్రం సరిగ్గా ఆ బొమ్మ మీదే తెల్లకారు ఆగుంది. బంతిపూల దండతో ధగధగలాడుతోంది. వండూర్ బీచికి టూరిస్టుల్ని తిప్పడానికి పోలిరాజు కొన్న కారు.

"ఇయ్యాల మీవోడే దొరికాడు తవిటమ్మా!" అన్నాడు టీకొట్టు అసిరయ్య పళ్లికిలిస్తూ. బజారంతా ఆగి చూసింది.

పక్కనుంచి బస్సు రయ్యిమని పోయింది. తవిటమ్మ దిగ్గున సైకిల్ దిగింది. ఇంక ఆలోచించలేదు. పూలదండ జాగ్రత్తగా పక్కకి జరిపి, తట్ట దించి, వంజరం తల ఒక్క వేటుకి ఎగరగొట్టింది.

టీగ్లాసుతో పోలిరాజు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! ఇది నా గాడీయే!"

"తెలుసురా. పొద్దున దిష్టి తీసింది నాను కాదేటి?"

"కాస్త పక్కనించి పోలేకపోయావా?"

"పక్కనించి పోయే కదరా కాలవలో పడ్డాను! ఆ రోజు నన్ను సైకిల్ మానెయ్యమన్నావు. ఆ కారోడిని ఒక్క మాటన్నావేటి?"

పోలిరాజు బేరం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత తట్ట తనే ఎత్తి సైకిల్ మీద కట్టాడు. కారు వెనక్కి తీశాడు.

ఆ పూట టూరిస్టులు వండూర్ దాకా అద్దాలు దించుకునే వెళ్లారు.