తీసి మరిచిన చెక్క

వీరభద్ర కుదురుగా కూర్చుని అన్నం తినగా బేతంచెర్లలో చూసినవాళ్లు తక్కువ. ఒకప్పుడు గనిలో బండలు మోసిన మనిషి. ఇప్పుడు సొంతంగా బండల పాలిష్ మిషన్ పెట్టుకున్నా కాలు ఒకచోట నిలవదు. ముద్ద నోట్లో ఉండగానే లారీ దగ్గరికి పరుగు, అక్కడ మాట పూర్తికాకుండానే ఇంకోచోటికి. "ఈయప్ప కాళ్లకు చక్రాలుండాయి" అని భార్య యశోద విసుక్కునేది.

ఆ పరుగే ఒకరోజు కొంప ముంచింది. ఆదోని వైపు పల్లె నుంచి కంబన్న, కట్టుకుంటున్న ఇంటికి బండలు చూసుకుందామని వచ్చాడు. గోడకు ఆనించిన వరుసలో ముందరి బండను లాగి చూపించాలని, బండల అడుగు జారకుండా పెట్టిన చెక్కను వీరభద్ర తీశాడు. ఇంతలో బయట లారీ హారన్ మోగింది. చెక్క చేతిలో ఉండగానే ఉరికాడు. వెనక బండలు కూలిన చప్పుడు. కంబన్న కాలు విరిగింది.

ఆయన్ను ఆసుపత్రిలో చేర్పించి, ఇన్సూరెన్స్ ఏజెంటు హర్షిణికి ఫోన్ చేశాడు. పాలసీ లేనివాళ్ల దగ్గర సరుకు తీసుకోనని కర్నూలు బిల్డరు ఒకాయన పట్టుబడితే కట్టిన పాలసీ అది. అందులో ఏముందో ఏనాడు చదివాడు గనక!

"అన్నా, నీ కూలోళ్లకు దెబ్బ తగిల్తే దానికి వేరే పాలసీ. ఇది బయటోళ్లకు. నీ తప్పు వల్ల వాళ్లకు నష్టమైతే, నువ్వు ఇయ్యాల్సింది కంపెనీ ఇస్తాది. వాళ్లు విచారించి తేల్చేవరకు తప్పు నాదే, ఇంత ఇస్తానని వాళ్లకు మాటియ్యాకు."

వీరభద్ర చెవిలో ఆ చివరి మాటే నిలిచింది. ఎదురుపడితే తన నోరు ఊరుకోదని భయపడి, మళ్లీ ఆసుపత్రి గడప తొక్కలేదు. యశోదతో క్యారియర్ పంపిస్తూ, తాను బండల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మన వల్ల దెబ్బతిన్న మనిషిని పలకరించకపోవడం ఎంత తలవంపో ఆయనకు తెలియదా? తెలుసు. అందుకే ముద్ద దిగలేదు, కన్ను మూతపడలేదు.

చివరికి యశోదే కసిరింది. "మాటియ్యొద్దనింది గానీ, మొగం చూపియ్యొద్దనిందా ఆ ఇన్సూరెన్స్ పాప?"

వెళ్లాడు. కంబన్న మంచం మీద నుంచే నవ్వాడు.

"రాప్పా, కూచో. ఇన్సూరెన్స్ కంపెనీ సారు వచ్చి అడిగిపోయినాడు. నువ్వేం భయపడాకు. నేనే బండ గుంజినా, మీద పడె అని చెప్పినా. నీకు కేసూ గీసూ ఎందుకు?"

వీరభద్ర మంచం పక్కన కూలబడ్డాడు. పాపం, తనను కాపాడానని సంబరపడుతున్నాడు! తప్పు కంబన్నదే అయితే కంపెనీ పైసా ఇవ్వదు. ఇంటికోసం దాచుకున్నదంతా ఈ కాలికే పోతుంది.

"బండలు ఇప్పుడొద్దులేప్పా" అంది పక్కనున్న కంబన్న భార్య హంపమ్మ, తల దించుకుని. "ఉండే దుడ్లు ఆపరేషన్‌కే చాలవు."

వీరభద్ర చివాలున లేచి వరండా దాకా పోయాడు. అక్కడ నిలవలేక వెనక్కి వచ్చి, మంచం పక్కనే కూర్చుని హర్షిణికి ఫోన్ కలిపాడు.

"అమ్మా, వీళ్లకు మాటియ్యొద్దంటివి. జరిగింది మీ కంపెనీకి చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు కాదన్నా, చెప్పాల. దాస్తేనే పాలసీకి చేటు."

"అట్లయితే రాసుకో. కంబన్న బండ ముట్టనే లేదు. అడుగున చెక్క తీసింది నేను. తిరిగి పెట్టకుండా ఉరికింది నేను."

వద్దు వద్దంటూ కంబన్న చెయ్యెత్తాడు. వీరభద్ర ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. బయట రోడ్డు మీద లారీ హారన్ మోగింది. ఆయన లేవలేదు.