పాత ప్రతిని చెరపని మిసావో

జపాన్ దేశపు కోచి నగరంలో, ఒక విశ్వవిద్యాలయంలో పెద్ద కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండటం మిసావో ఉద్యోగం. ఆ రోజు పొద్దుటి నుంచే తుఫాను గాలి కిటికీలను బాదుతోంది. మూడింటికి కరెంటు ఆపేస్తామని కబురొచ్చింది.

లోపల ఇకెగామి ప్రొఫెసరుగారి లెక్క నడుస్తోంది. సముద్రం అడుగున భూమి కదిలితే అల ఏ వీధి దాకా వస్తుందో తేల్చే లెక్క అది. మొదలుపెట్టి ఇరవై మూడు రోజులైంది. ఎక్కడిదాకా వచ్చిందో ఉన్నదున్నట్టు డిస్కులో దాచుకుంటే, మళ్లీ అక్కడినుంచే సాగుతుంది. లేదంటే మొదటికే.

ఐదు రోజుల కిందట దాచిన ప్రతి ఒకటుంది. రెండోదానికి డిస్కులో చోటు లేదు.

"పాతదాని మీదే రాసెయ్యండి. గంటన్నర టైముందిగా," అన్నాడు విభాగాధిపతి తొకుమారు.

ఎనిమిదేళ్ల కిందట మిసావో అలాగే రాసింది. సగంలో కరెంటు పోయింది. పాతదీ పోయింది, కొత్తదీ పనికిరాలేదు. ఆర్నెల్ల లెక్క పోగొట్టుకున్న ఒగాతా అనే విద్యార్థిని వంగి నమస్కరించి వెళ్లింది. తర్వాత చదువే మానేసింది.

"పాతదాన్ని ముట్టుకోనండీ," అంది మిసావో.

"మరెక్కడ పెడతారు? మీ అన్నం డబ్బాలోనా?"

"యంత్రాల రోజువారీ చిట్టాల డిస్కుంది కదండీ. అవి తీసేసి అందులో పెడతా."

"అది రూలుకు విరుద్ధం. నేను సంతకం పెట్టను."

"నేనే పెడతా లెండి."

చిట్టాలు చెరిపి కొత్త ప్రతి రాయించడం మొదలుపెట్టింది. నూటికి ఎనభై నాలుగు వంతులు అయ్యిందో లేదో, చెప్పిన టైముకంటే ముందే దీపాలు ఆరిపోయాయి. బ్యాటరీలు నాలుగు నిమిషాలు లాగి చేతులెత్తేశాయి.

కరెంటు రెండు రోజులకు గానీ రాలేదు. తడిసిన బూట్లతో ఇకెగామి వచ్చి ఆమె వెనకే నిలబడ్డాడు. కొత్త ప్రతి తెరుచుకోలేదు. మిసావో పాతదాన్ని ఎత్తుకోమని యంత్రాన్ని పురమాయించింది. తెర ఖాళీ. అదీ పాడైందా? నిమిషం గడిచాక అంకెలు ఒక్కొక్కటే కదిలాయి.

"ఐదు రోజులు పోయాయండీ. క్షమించండి."

"ఐదేనా!" ఇకెగామి నేలమీదే కూలబడ్డాడు. "మొత్తం పోయిందనుకుని రెండు రోజులుగా మా ఆవిడతో కూడా మాట్లాడలేదమ్మా."

రూలు తప్పి చిట్టాలు చెరిపినందుకు క్షమాపణ పత్రం రాసివ్వమన్నాడు తొకుమారు. మిసావో అక్కడే కూర్చుని రాసింది, వాక్యానికోసారి తలెత్తి అంకెలు కదులుతున్నాయో లేదో చూసుకుంటూ.