బాడి కాదు, బడి

మా లెక్కల టీచరమ్మ పోయారన్న కబురు నాకు తెలుగులో అందలేదు. గోల్‌బజార్‌లో చేపలు తూయించుకుంటుంటే, చేపలమ్మే దాదా కత్తిపీట పక్కకి నెట్టి, "తోమాదేర్ దిదిమొని ఆర్ నేఇ" అన్నాడు. మీ టీచరమ్మ ఇక లేరు అని, బెంగాలీలో. పొద్దున్న టీ పెట్టుకుంటూ వంటింట్లోనే కూలబడ్డారట, ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయిందట. చెబుతూ చెబుతూ ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేను సంచీ అక్కడే వదిలేసి, ఆవిడ ఇల్లున్న ఖరిదా పేట వైపు పరుగెత్తాను.

సంతాప సభలో ఒక పెద్దమనిషి ఆవిణ్ణి శాంతమూర్తి అన్నారు. వెనక కూర్చున్న మేమందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. టీచరమ్మకి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. పోయినవాళ్ళని పొగడాలి కాబట్టి ఆ కోపాన్ని కూడా ఆవిడతో పాటే కాల్చేద్దామంటే నేను ఒప్పుకోను. ఆ కోపమే మా పిల్లలకి ఇన్నాళ్ళూ పలకా బలపం అందించింది.

మా సంగతి తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మా తాతలు రైల్వే వర్క్‌షాపులో పనికి ఖరగ్‌పూర్ వచ్చారు. బెంగాల్లో పుట్టి, బెంగాల్లో పెరిగి, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే వాళ్ళం మేము. మా బడిలో ఒక తెలుగు సెక్షను ఉంది. నేనక్కడే చదివాను, ఇప్పుడు మా అమ్మాయీ అక్కడే చదువుతోంది. రిటైరయిన టీచర్ల స్థానంలో కొత్తవాళ్ళని వెయ్యడం మానేసి చాలా కాలమయింది. రాష్ట్రంలో తెలుగుకి గుర్తింపు వచ్చిందని పేపర్లో పడిన రోజు మేం మిఠాయిలు పంచుకున్నాం. గుర్తింపు వచ్చింది గానీ టీచరు రాలేదు. చివరికి లెక్కల టీచరమ్మ ఒక్కరే మిగిలారు. ఆవిడా రిటైరయిపోయారు, అయినా పొద్దున్నే వచ్చి పాఠం చెప్పేవారు.

కొప్పులో పెన్సిలు, హ్యాండుబ్యాగులో సుద్దముక్క ఉంటేనే ఆవిడకి బయటికి వచ్చినట్టుండేది. బజార్లో ఒక దుకాణం బోర్డు మీద "బట్టల కొట్టు" అనడానికి "బట్టల కోటు" అని రాశారు. టీచరమ్మ స్టూలు అడిగి పుచ్చుకుని, ఎక్కి, సుద్దతో దిద్దారు. వానకి చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ దిద్దేవారు. విసిగిపోయి ఆ మార్వాడీ సేఠే బోర్డు మార్పించాడు. అంతగా తప్పులు దిద్దే మనిషి, తన యాస జోలికి మాత్రం ఎవరినీ రానిచ్చేవారు కాదు. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన అతిథి ఒకాయన, "ఏటి అనకూడదమ్మా, ఏమిటి అనాలి" అని చెప్పబోయారు.

"మీ ఏమిటి మీరుంచుకోండి బాబూ, మా ఏటి మాకు సాలు. మా తాతలు దీన్ని రైలెక్కించి ఇంతదూరం తెచ్చుకున్నారు" అన్నారు టీచరమ్మ. అతిథి నవ్వేశారు. ఆవిడ నవ్వలేదు.

"నువ్వు లెక్కల టీచరువి, భాష గొడవ నీకెందుకమ్మా" అని అడిగిన వాళ్ళూ ఉన్నారు. "కోపమొచ్చినా, లెక్క కట్టినా సొంత మాటే నోటికొస్తాది. నాకు రెండూ ఉన్నాయి" అనేవారు.

రెండేళ్ళ కిందట తెలుగు సెక్షన్ని హిందీ సెక్షన్లో కలిపేస్తారని తెలిసింది. విన్నపాలు అయ్యాయి, దండాలు అయ్యాయి. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. గవర్నమెంటు అమ్మ కూడా కాదు, గట్టిగా అడగాల" అని టీచరమ్మ మమ్మల్ని చదువుల ఆఫీసు ముందు కూర్చోబెట్టారు. తల్లులం, నలుగురైదుగురు రిటైరయిన వర్క్‌షాపు మనుషులు. "బడి మాది! మా బడి మాకే!" అని అరిచాం. మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చి అందరినీ ఎక్కించుకుపోయింది.

స్టేషన్లో కూర్చున్న ఆఫీసరు ఊరికి కొత్త. మమ్మల్ని చూసి విసుగ్గా, "కార్ బాడి?" అన్నాడు, ఎవరి ఇల్లు అని. బెంగాలీలో బాడి అంటే ఇల్లు. మా బడి ఆయన చెవికి బాడిలా తగిలింది. ఎవరిదో ఇల్లు కాజేయడానికి వచ్చిన మూక అనుకున్నాడు మమ్మల్ని. ఇకపై ఇంటి కోసం గొడవ చేయబోమని కాగితం రాయించి, సంతకాలు పెట్టి వెళ్ళిపొమ్మన్నాడు.

మాకు ప్రాణం లేచొచ్చింది. మాతో ఉన్న ఫిట్టరు బాబాయి అప్పుడే పెన్ను తీశాడు. "సంతకం పెట్టీండి టీచరమ్మా. మనం ఇల్లు అడగనేదు కదా, అడగమని రాసిస్తే ఏటి పోనాది?"

నిజం చెబుతున్నాను, నాకూ ఆ మాట బాగానే ఉందనిపించింది. ఇంటి దగ్గర పిల్ల ఒక్కర్తే ఉంది.

టీచరమ్మ పెన్ను లాగేసుకున్నారు. "ఏటి పోనాదా? రేపు మనం బడి ముందు కూకుంటే, పరాయి కొంపలు ఆక్రమించుకునే వోళ్ళొచ్చినారని ఈ కాగితమే సూపిస్తారు. దొంగలమని మనమే రాసిచ్చీమంటావేటి?"

ఆఫీసరు లేచి, ఇక మర్యాదగానే, చేత్తో గుమ్మం చూపించాడు. "దిదిమొని, బాడి జాన్." ఇంటికి వెళ్ళండి అని.

"బడికే ఎల్తాను బాబూ. పొద్దుట్నుంచి నానడిగింది అదే" అన్నారు టీచరమ్మ.

మాకు నవ్వాగలేదు. ఆఫీసరుకి ఒళ్ళు మండింది. మూల నిలబడ్డ కానిస్టేబుల్ మా ఊరి నిమ్‌పురా పేటలో తెలుగు పిల్లలతో గోళీలాడి పెరిగిన బెంగాలీ. తనూ నవ్వు ఆపుకుంటూ, "సార్, ఓదేర్ బడి మానే ఇస్కూల్" అని చెప్పాడు, వాళ్ళ బడి అంటే ఇస్కూలు అని. ఆఫీసరు కాగితం వెనక్కి లాక్కున్నాడు. ఇల్లు అన్న మాట కొట్టేసి, ఇస్కూలు అని తన చేత్తోనే రాసి, కాగితం ముందుకి జరిపాడు. ఇప్పుడు సరిపోయిందా అన్నట్టు.

టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివారు. ఇకపై బడి కోసం గొడవ చేయబోమని ఉంది అందులో.

"ఇప్పుడు మాట సరిగ్గా రాసినారు" అన్నారు. "అందుకే సంతకం పెట్టను."

తర్వాత హిందీలో, మెల్లగా, ఆయనకి అర్థమయ్యేలా చెప్పారు. భాష మీద ప్రేమంటే ఏమిటో బెంగాలీవాళ్ళకి మేం నేర్పాలా బాబూ, మీరే మాకు నేర్పినవాళ్ళు కదా అన్నారు. ఆఫీసరు తల వంచుకున్నాడు. అలాగని వదిలిపెట్టలేదు. ఆ మాట విని ఆయన కరిగిపోయాడని రాస్తే బాగుండును గానీ, టీచరమ్మ తప్పు లెక్కకి మార్కులు వేసేవారు కాదు. మేమెవరం సంతకం పెట్టలేదు. బాబాయి కూడా పెట్టలేదు. మర్నాడు కోర్టుకి తీసుకెళ్ళి బెయిలు మీద పంపారు, ఆ కేసు ఇంకా నడుస్తోంది. నలిగిన చీరతోనే ఆవిడ తిన్నగా బడికి వెళ్ళారు. ఆ ఏడాది సెక్షన్ని కదిలించడానికి ఎవరూ సాహసించలేదు. అప్పటి నుంచీ మా పేటలో ఎవరైనా ఎక్కడికని అడిగితే, బజారుకి వెళ్తున్నా సరే, "బడికే" అనడం అలవాటయిపోయింది.

ఆవిడ పోయిన వారంలోనే నోటీసు వచ్చింది. తెలుగు సెక్షన్లో టీచరు లేరు కనుక మూసేస్తున్నాం అని. ఇంకా పెద్దకర్మ కూడా కాలేదు. ఆవిడ ఎప్పుడు పోతారా అని కాచుకుని కూర్చున్నట్టుంది వాళ్ళ వరస. నాకు ఏడుపు రావలసిన చోట మంట పుట్టింది. అది ఆవిడిచ్చిందే అనుకుంటున్నాను.

సోమవారం పొద్దున్న తల్లులందరం పిల్లల్ని తీసుకుని మామూలుగానే వెళ్ళాం. తలుపుకి ఇంకా తాళం పడలేదు. లెక్కలు నాకు అంతంతమాత్రం, బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. అయినా ఎవరో ఒకరు బోర్డు ముందు నిలబడాలి కదా. ఏడో ఎక్కం రాశాను. పిల్లలు అందుకున్నారు. సగంలో ఉండగా ఆఫీసు మనిషి ఒకాయన, వెనక ఇద్దరు పోలీసులు గుమ్మంలోకి వచ్చారు. ఆయన చేతిలో మూసివేత కాగితం ఉంది. అది చదివి వినిపిస్తే గది ఖాళీ చేయించవచ్చు. నోరు తెరిచాడు గానీ, పిల్లల గొంతుల మధ్య ఆయన మాట ఆయనకే వినిపించలేదు. ఎక్కం అయిపోయాక చదువుదామని కాగితం పట్టుకుని ఆగాడు. నేను వెనక్కి తిరగలేదు. "ఏడు పదుల డెబ్బై" దగ్గరికి వచ్చేశారు పిల్లలు. ఆయన గొంతు సవరించుకున్నాడు. మా అమ్మాయి లేచి నిలబడి, ఆయన్నే చూస్తూ, ఇంకా గట్టిగా అందుకుంది, "ఏడొకట్ల ఏడు!"

గదంతా మళ్ళీ మొదలుపెట్టింది.